రేగడి మీద రన్‌వే

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో నరసరావుపేట రోడ్డు పొడవునా టిక్కీల లారీలే. తేజ, 341, తాలు అని వేరుచేసి కాటా వేశాక కొంత సరుకు కోల్డ్ స్టోరేజీలకు పోతుంది. మిగిలింది మళ్లీ లారీ ఎక్కి పదహారో నంబరు జాతీయ రహదారికి చేరుతుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని అయిదో నంబరు రోడ్డనే అంటారు. దక్షిణంగా ఒంగోలు దాకా నూటపది కిలోమీటర్ల పైచిలుకు. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మన పొలాల మీద ఏ భారం మోపిందో తెలుసుకోవాలంటే ఈ రోడ్డు వెంట పోవాలి. ఆ భారం ఇక్కడికి వచ్చింది డీజిల్ రూపంలో, ఎరువు రూపంలో, కరెంటు రూపంలో.

యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలైంది. ఇక్కడి మిర్చి రైతు అప్పటికే చితికిపోయి ఉన్నాడు. నల్ల తామర పురుగు పూతను తినేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. తోటలు పీకేసినవాళ్లు పీకేశారు. కౌలుకు చేసినవాళ్లకు అప్పే మిగిలింది. అదే సమయంలో ఉక్రెయిన్‌లో డాక్టరు చదువుకు పోయిన పిల్లల కోసం తెలుగు జిల్లాల్లో ఎన్నో ఇళ్లు నిద్ర మానుకున్నాయి. ఫిబ్రవరి 26న మొదలైన ఆపరేషన్ గంగతో, ఇతర మార్గాల్లో దాదాపు 22,500 మంది భారతీయులు వెనక్కి వచ్చారు. పిల్లలు ఇల్లు చేరాక ఊళ్లో యుద్ధం మాట తగ్గింది, పెట్రోలు బంకుల దగ్గర మాత్రం పెరిగింది.

మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు, పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు డీజిల్ ధర పెంచారు. లీటరుకు మొత్తం పది రూపాయలు. అది ఏ కాలమో గుర్తు చేసుకోండి. మిర్చి కోతలు సాగుతున్నాయి. పక్క మండలాల నుంచి కూలీలను ఆటోల్లో, ట్రాక్టర్లలో తెచ్చుకోవాలి. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి యార్డుకు తోలాలి. అంతా డీజిలే. మే నెలలో కేంద్రం సుంకం తగ్గిస్తే డీజిల్ మీద ఆరు రూపాయలు దిగింది, కానీ అప్పటికి కోతలు అయిపోయాయి. డీఏపీ కట్ట 1,200 నుంచి 1,350 అయింది. పొటాష్ కట్ట 1,700 దాకా పోయింది. యూరియా తయారయ్యేది సహజ వాయువుతో, ఆ వాయువు కోసం యూరప్ ఎంతకైనా కొనడానికి సిద్ధపడింది. పొటాష్‌లో పెద్ద వాటా రష్యా, బెలారస్‌లది. కేంద్రం చాలా భారం మోసింది, కాదనకూడదు. ఎరువుల రాయితీ 2022-23లో రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది. అయినా ఎరువు ఎక్కువ తినే మిర్చి మీద బతికే ఊళ్లలో పెట్టుబడి పెరిగిందే గానీ తగ్గలేదు.

చౌడవరం, బోయపాలెం, తిమ్మాపురం దాటితే యడ్లపాడు. కుడిచేతి వైపు కొండవీటి కొండలు. అక్కడి నుంచి చిలకలూరిపేట మీదుగా మార్టూరు దాకా జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు కనపడుతూనే ఉంటాయి. ఆ ఏడు పత్తి క్వింటా పదివేలు దాటింది, మద్దతు ధర 6,025 ఉన్న సంవత్సరంలో. రైతుకు అది ఊరట. మిల్లుకు మాత్రం ఊపిరాడలేదు, ఎందుకంటే ఏప్రిల్ 8 నుంచి రాష్ట్రంలో పవర్ హాలిడే. రాత్రింబవళ్లు ఆగకుండా నడవాల్సిన పరిశ్రమలు వాడకం సగానికి తగ్గించుకోవాలని ఉత్తర్వు. ఎండలు ముందే ముదిరాయి, బొగ్గు నిల్వలు తగ్గాయి. యుద్ధంతో దిగుమతి బొగ్గు ధర ఆకాశానికి పోయింది. ఎక్స్ఛేంజిలో కరెంటు యూనిటుకు పన్నెండు రూపాయలు మించకూడదని గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. దారం తీసే కదురు ఆగితే ఆ పూట కూలీ ఆగుతుంది. యుద్ధం లెక్కల్లో ఈ కూలీని ఎవరూ రాయలేదు.

మార్టూరు, బొల్లాపల్లి టోల్‌గేటు దాటాక రేణింగవరం దగ్గర తారు పోయి కాంక్రీటు వస్తుంది. టైరు చప్పుడు మారుతుంది. మధ్యలో మొక్కలు నాటిన డివైడరు ఉండదు. పిచ్చికలగుడిపాడు వైపు బాణంలా తిన్నగా 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. వైమానిక దళం చెప్పిన కొలతలతో జాతీయ రహదారుల సంస్థ కట్టిన అత్యవసర రన్‌వే ఇది. తుపాను వచ్చినా, యుద్ధం వచ్చినా విమానాశ్రయాలు పనికిరాకుండా పోతే ఇక్కడ దిగడానికి. పాత ప్రకాశం జిల్లాలోని ఈ చోటు 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలో కలిసింది. అదే ఏడు డిసెంబరు 29న తొలిసారి ఇక్కడ విమానాలతో పరీక్ష జరిపారు. 2024 మార్చి 18న మళ్లీ. ఆ రోజు సుఖోయ్-30 యుద్ధవిమానాలు, హాక్ శిక్షణ జెట్‌లు రోడ్డును ఒరుసుకున్నట్టు కిందికి దిగి పైకి లేచిపోయాయి. ఆంటోనోవ్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి, మళ్లీ ఎగిరాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం గట్ల మీదికి వచ్చి చూశారు.

ఆ విమానాల్లో రెండింటి పుట్టుక చూడండి. సుఖోయ్ రష్యా డిజైను, నాసిక్‌లో మన హెచ్‌ఏఎల్ తయారుచేసినది. ఆంటోనోవ్ పుట్టింది కీవ్‌లో, దాని ఇంజన్లు జపోరిజియాలో. సోవియట్ యూనియన్ ఒక్కటిగా ఉన్న 1984లో ఆంటోనోవ్-32 మన దళంలో చేరింది. వాటిని ఆధునికీకరించే ఒప్పందం 2009లో కుదిరింది ఉక్రెయిన్‌తోనే. ఇప్పుడు ఆ రెండు దేశాలూ కొట్టుకుంటున్నాయి, వాటి విడిభాగాల కోసం మనం రెండు వైపులా చూడాలి. పత్తి, మిరప, శనగ పండే ఈ నేల మీద ఒకే ఉదయం ఆ రెండు విమానాలూ ఒకే కాంక్రీటు మీదికి దిగివచ్చాయి. పాత ప్రకాశంలో ఇలాంటిది కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు దొనకొండలో విమానాశ్రయం కట్టారు, యుద్ధం అయ్యాక అది పాడుపడింది.

రోడ్డు మీద విమానం దించే ఆలోచన ఎందుకు వచ్చిందో ఉక్రెయిన్ చూపించింది. యుద్ధం మొదటి గంటల్లోనే క్షిపణులు పడింది విమానాశ్రయాల మీద. విమానాలను ముందే అక్కడి నుంచి తప్పించి చెదరగొట్టినందువల్లే ఉక్రెయిన్ వైమానిక దళం బతికి బట్టకట్టింది. రోడ్డు కాపాడినట్టే రోడ్డు ముంచుతుంది కూడా. ఫిబ్రవరి 28 నాటి ఉపగ్రహ చిత్రాల్లో కీవ్‌కు ఉత్తరంగా ఒక సైనిక వాహనాల బారు కనపడింది. 64 కిలోమీటర్లు. చిలకలూరిపేట నుంచి దాదాపు ఒంగోలు శివార్ల దాకా ట్యాంకులు, ఫిరంగులు, ఇంధన లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయనుకోండి. ముందున్నవి ఆగితే వెనకవి కదలవు. వంతెనలు పేల్చేశారు, ఇంధన లారీలను ఏరి కొట్టారు. పక్కకు దిగుదామంటే మంచు కరిగిన బురద.

రేగడిలో వాన పడ్డ రోజు ట్రాక్టరు దించిన రైతుకు ఆ సైన్యం కష్టం వివరించాల్సిన పని లేదు. అక్కడి నల్లమట్టి గుణం వేరు, మన రేగడి గుణం వేరు, కాని తడిస్తే చక్రాన్ని పట్టుకునే పట్టు ఒకటే. దిగబడి వదిలేసిన సైనిక వాహనాలను ఉక్రెయిన్ రైతులు ట్రాక్టర్లకు కట్టి లాక్కుపోయిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. రష్యా సైన్యం రైలు మీద ఆధారపడ్డ సైన్యం. రైలు ఆగిన చోటు నుంచి లారీ ఎంత దూరం పోయి రాగలదో దాని బలం అంతవరకే. ట్యాంకు ఫిరంగి గుండు కంటే ముందు డీజిల్ అడుగుతుంది. 2022 అక్టోబరు 8న క్రైమియా వంతెన మీద పేలుడు జరిగినప్పుడు పక్కనే రైలు ఇంధన ట్యాంకర్లు తగలబడ్డాయి. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 10 నుంచి, రష్యా క్షిపణులు ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థను వరసపెట్టి కొట్టాయి. 2024 ఏప్రిల్‌లో కీవ్ ప్రాంతానికి కరెంటిచ్చే త్రిపిల్లియా థర్మల్ కేంద్రం బూడిదైంది. ఉక్రెయిన్ తన డ్రోన్లను రష్యా చమురు శుద్ధి కర్మాగారాల మీదికి పంపింది. ఆ ఏడు మార్చిలో రష్యా పెట్రోలు ఎగుమతులే ఆపుకోవాల్సి వచ్చింది.

అక్కడి రైతు సంగతి కూడా చెప్పాలి. క్రెమెన్‌చుక్ శుద్ధి కర్మాగారం 2022 ఏప్రిల్‌లో దెబ్బతింది. అంతకుముందు డీజిల్ ఎక్కువగా వచ్చింది రష్యా, బెలారస్‌ల నుంచే. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న విత్తే అదునులో అక్కడి బంకులు ఎండిపోయాయి. యుద్ధానికి ముందు మన దేశం కొన్న పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఆ పొలాలదే. మన వంటింట్లో నూనె ధర పెరిగినప్పుడు అక్కడ ఒక రైతు డీజిల్ దొరక్క చేను బీడు పెట్టుకున్నాడని అనుకుంటే తప్పు కాదు.

మేదరమెట్ల దగ్గర అద్దంకి, నార్కట్‌పల్లి వైపు నుంచి వచ్చే రోడ్డు కలుస్తుంది. హైదరాబాదు లారీలు, తెలంగాణ పత్తి లారీలు ఇక్కడ ఈ రహదారి ఎక్కుతాయి. డీజిల్ లెక్క తేల్చుకోవలసిన చోటు ఇదేనని నాకనిపిస్తుంది. యుద్ధానికి ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం లోపు. యూరప్ కొనడం మానుకున్నాక, 2022 డిసెంబరులో బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టాక, తగ్గింపు ధరకు వచ్చిన ఆ చమురు మన దిగుమతుల్లో మూడోవంతు దాటింది. విశాఖలో శుద్ధి కర్మాగారం నడిపే హెచ్‌పీసీఎల్ కూడా కొన్నది.  దేశానికి ఇది మంచి కొనుగోలు. నేను సమర్థిస్తాను. కాని బంకు దగ్గర ధర 2022 మే నుంచి 2024 మార్చి దాకా కదల్లేదు, అప్పుడు తగ్గింది రెండు రూపాయలు. చమురు సంస్థలు 2022లో నష్టానికి అమ్మిన మాట నిజమే. ఆ తర్వాతి ఏడాది భారీ లాభాలు వచ్చిన మాట కూడా నిజమే. ధర పెరిగినప్పుడు పదహారు రోజుల్లో రైతు దాకా వచ్చింది. తగ్గింపు మాత్రం రెండేళ్లయినా మేదరమెట్ల దాకా రాలేదు.

గుండ్లకమ్మ వంతెన దాటితే ఒంగోలు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి వచ్చే ఏరు ఇక్కడ సముద్రానికి దగ్గర పడుతుంది. తూర్పున కొత్తపట్నం నుంచి సింగరాయకొండ దాకా రొయ్యల చెరువులు. రష్యా చమురు కొన్నందుకు అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. 2025 ఆగస్టు 27 నుంచి అది మొత్తం 50 శాతం అయింది. ఆంధ్ర రొయ్యకు అతిపెద్ద అంగడి అమెరికాయే. పిల్ల వేయాలా వద్దా అని రైతులు చెరువు గట్టు మీద ఆలోచనలో పడ్డారు. మిల్లులకు ఊరటగా కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని ఆ నెల 19 నుంచి ఎత్తేసి, తర్వాత ఏడాది చివరి దాకా పొడిగించింది. గుంటూరు, ప్రకాశంలో కొత్త పత్తి తీతకు వచ్చేదీ ఆ నెలల్లోనే. మద్దతు ధర 8,110 ఉంటే బయట వ్యాపారి అంతకు తక్కువే అడిగాడు. తగ్గింపు ధర చమురులో వాటా అందని వాళ్లే ఆ చమురుకు జరిమానా కట్టారు.

దీనికి దారి లేకపోలేదు. సముద్రంలో వేటకు పోయే పడవల డీజిల్ మీద రాష్ట్రం 2019లో రాయితీని లీటరుకు 6.03 నుంచి తొమ్మిది రూపాయలకు పెంచింది. పడవకు చేసింది ట్రాక్టరుకు చేయవచ్చు. ఈ-పంటలో సాగుదారు పేరు, పంట, విస్తీర్ణం నమోదవుతూనే ఉన్నాయి. కౌలుదారు పేరు కూడా తప్పకుండా ఎక్కించాలి. ఎకరం మిర్చికి దుక్కి నుంచి యార్డు దాకా, ఎకరం పత్తికి విత్తు నుంచి జిన్నింగు దాకా ఎన్ని లీటర్లు పడుతుందో వ్యవసాయ శాఖ ఒక్క సీజను లెక్క తీస్తే, లీటరుకు ఎంత తిరిగివ్వాలో తేలిపోతుంది.