యాత్రికుడెవరు?

తెలుగులో యాత్రాసాహిత్యానికి దీర్ఘమైన చరిత్రే వున్నది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీకి పోయి, తిరుగుదారిలో పూరీ జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం సీమల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరుకున్నాడు. ఆ ప్రయాణపు వృత్తాంతం 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయింది. వీరాస్వామయ్య సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. అందువల్ల ఆయన దృష్టి దేవాలయాల దగ్గరే ఆగిపోలేదు. ఏ మజిలీలో మంచినీళ్లున్నవి, ఏ వూళ్లో సరుకులు దొరుకుతవి, దారి ఎట్లా వున్నది, జనం ఎట్లా బతుకుతున్నారు అన్నదంతా రాసుకున్నాడు. మన తొలినాటి మంచి వచన గ్రంథాల్లో అదొకటి.

అయితే ఆయనను పల్లకీలో మోసిన బోయీలున్నారు. వాళ్లూ ఆ దారినే నడిచారు. ఆ ఎండలూ, ఆ వానలూ, ఆ వాగులూ వాళ్లవి కూడా. దారి ఎంత కఠినమో పల్లకీలో కూర్చున్నవాడి కంటె వాళ్ల పాదాలకే ఎక్కువ తెలుసు. అయినా మన సాహిత్య చరిత్రలో ఆ ప్రయాణానికి యాత్రికుడు ఒక్కడే. ఇది వీరాస్వామయ్య మీద నేరారోపణగా చెప్పడం లేదు. తన కాలమూ తన వర్గమూ తనకిచ్చిన కళ్లతో ఆయన చూశాడు. చూసినంతవరకు నిజాయితీగా చెప్పాడు. ప్రశ్న మనకు సంబంధించినది. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత కూడా యాత్ర అనే మాటను మనం ఎవరి ప్రయాణానికి వాడుతున్నాము? ఎవరి ప్రయాణానికి వాడటం లేదు?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు, రైల్లో పుట్టింది. నా ఉద్యోగం పలాస వైపు, ఇల్లు ఆమదాలవలసలో. ఎనిమిదేళ్లుగా శనివారం సాయంత్రం ఇంటికీ, సోమవారం తెల్లవారుజామున పనికీ పాసింజరు బండిలో తిరుగుతున్నాను. ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి — ఈ స్టేషన్ల పేర్లు ఇప్పుడు నిద్రలో కూడా వరసగా చెప్పగలను. నౌపడ దగ్గర వుప్పు మళ్లు కనిపిస్తవి. అక్కడినుంచే పర్లాకిమిడి, గుణుపూర్ వైపు చీలిక మార్గం పోతుంది. పర్లాకిమిడి అనగానే తెలుగు పాఠం చెప్పేవాడికి గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం రాకుండా వుండరు. కొండమీది సవరల మాట విని, నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన మనిషి ఆయన. ఎదుటివాడి నోటినుంచి వచ్చే మాటకు విలువ వున్నదని నమ్మినందువల్లనే వ్యావహారిక భాష కోసం అంతటి పోరాటం చేయగలిగారు. ప్రయాణం చేసేవాడికి కళ్లతో పాటు చెవులు కూడా వుండాలని నాకు బోధపడింది ఆయన వల్లనే.

సోమవారం నా బండిలో పలాస పోయే ఆడవాళ్లు చాలామంది వుంటారు. చేతిలో కేరేజీ, భుజాన చిన్న సంచి. వాళ్లంతా జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు. పలాస, కాశీబుగ్గలలో ఇటువంటి కార్ఖానాలు వందల సంఖ్యలో వున్నవి. ఉద్దానం తోటల పిక్కలు చాలవు గనుక ఆఫ్రికా దేశాలనుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతవి. పిక్కను వుడికించాలి లేదా కాల్చాలి, కొట్టాలి, పప్పు పైపొర వొలవాలి, తరువాత రకాలవారీగా ఏరాలి. పౌనుకు 240 పలుకులు తూగితే ఒక ధర, 320 తూగితే మరొక ధర, బద్ద అయితే ఇంకొక ధర. పలుకు విరగకుండా తీయడం ఆ చేతుల నేర్పు. పిక్క పెంకులో వుండే జీడి చర్మాన్ని కాలుస్తుంది. నూనో బూడిదో రాసుకుని పని చేసినా వేళ్లు నల్లబడతవి, పొక్కుతవి.

ఒకసారి నా ఎదుట కూర్చున్న ఒక నడివయసు ఆమె నవ్వుతూ అన్నది: "రేషనుకి ఎల్తే ఆ మిసను నా ఏలు పట్టదు మేస్టారూ. నువ్వెవరో తెలీదంటాది. ముప్పై ఏళ్లు పిక్కలు కొట్టేను, గీతలన్నీ పిక్కలికే పోనాయి." పెట్టెలో వున్న ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. తమ చేతులు కూడా ముందుకు చాచి చూపించుకున్నారు. పలాస మీదుగా పోయే ప్రయాణికుడు ఇక్కడ జీడిపప్పు పొట్లం కొనుక్కుని, సరుకు బాగుందనో ధర ఎక్కువనో చెప్పుకుంటాడు. అతని యాత్రాకథనంలో పలాస అంటే అంతే. వేలిగీతలు అరిగిపోయిన మనిషి మాత్రం వారానికి ఆరు రోజులు ఆ బండిలోనే తిరుగుతుంది. ఆమెను ప్రయాణికురాలని అనడానికి టికెట్టు లెక్కల్లో తప్ప మరెక్కడా చోటు లేదు.

పలాసనుంచి సముద్రం వైపు దిగితే వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి వస్తుంది. నా విద్యార్థులు కొందరిది ఆ చుట్టుపక్కల వూళ్లే గనుక సెలవురోజుల్లో అటు పోతుంటాను. అక్కడి శివసాగర్ తీరానికి మంచి పేరున్నది. కార్తీకమాసంలో వనభోజనాలకు బళ్లమీద బళ్లు వస్తవి. కొబ్బరితోటలు, ఇసుక, ఆ వెనుక నీలంగా సముద్రం. వచ్చినవాళ్లందరూ దాదాపు ఒకే మాట అంటారు: ఎంత ప్రశాంతంగా వున్నదో! నిజమే, ప్రశాంతంగానే వుంటుంది. అయితే ఆ ప్రశాంతత ఎక్కడినుంచి వచ్చింది అని అడిగేవారు తక్కువ.

తీరం వెంబడి వున్న ఒక పల్లెలో, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను అడిగాను: "వూళ్లో కుర్రవాళ్లు కనపడరేం తాతా?"

ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు: "వుంటే కదా బావూ కనపడ్డానికి! సగంమంది వేరావల్లో వున్నారు, సగంమంది మెడ్రాసులో వున్నారు. మీరు సూడ్డానికి ఇక్కడికొస్తారు, మావోళ్లు తినడానికి అక్కడికెల్తారు."

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం వున్నది. అయినా పెద్ద మరపడవలు నిలుపుకునే చేపలరేవు దశాబ్దాలపాటు లేకపోయింది. తెప్పమీద, చిన్న పడవమీద దొరికే చేప కుటుంబానికి చాలదు. అందువల్ల ఇక్కడి మత్స్యకారులు దేశానికి ఆ చివర వున్న గుజరాత్ పోయి, అక్కడి యజమానుల పడవల్లో కూలికి వేటాడుతారు. ఆగస్టు ప్రాంతంలో పోయినవారు మళ్లీ వేసవికిగాని రారు. తీరం ప్రశాంతంగా వుండటానికి ఇది ఒక కారణం.

ఆ ప్రయాణంలో సాహసం లేదందామా? 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సముద్రంలో పాకిస్తాన్ బలగాలు పట్టుకున్నవి. ఏడాదికి పైగా కరాచీ జైలులో గడిపిన తరువాత, 2020 జనవరిలో 20 మందిని వాఘా సరిహద్దు దగ్గర వదిలిపెట్టారు. ఆ తరువాత నాలుగు నెలలు తిరగకముందే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. గుజరాత్ రేవుల్లో పడవల్లోనే చిక్కుపడిపోయిన వేలాదిమంది ఆంధ్ర మత్స్యకారులు 2020 ఏప్రిల్ నెలాఖరునుంచి బస్సుల్లో ఇళ్లకు చేరారు. కరాచీ, వాఘా, దేశానికి అడ్డంగా బస్సు ప్రయాణం! మన యాత్రాగ్రంథకర్తల్లో ఇన్ని చూసినవారు ఎందరు?

ఇది నిన్న మొన్న మొదలైన సంగతి కూడా కాదు. బ్రిటిషు కాలంలో ఈ ఉత్తర సర్కారుల రేవులనుంచి తెలుగు కూలీలు రంగూన్ పోయారు. బర్మావాళ్లు వారిని కొరంగీలన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని వెంబడి రక్తపాతం జరిగింది. 1942లో జపాను సైన్యం రంగూన్ పట్టుకున్న రోజుల్లో వేలకొద్దీ జనం కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశం చేరారు. దారిలో చనిపోయినవారూ వేలమందే. తెలుగువాడు చేసిన మహాప్రయాణాల్లో అది లెక్కకు రావాలి. కాని తరగతి గదిలో యాత్రాసాహిత్యం పాఠం చెప్పేటప్పుడు ఆ ప్రయాణానికి చూపించదగిన పుస్తకం నా బల్లమీద లేదు.

నిత్యప్రయాణికుడు అనే మాటకు ఉద్దానంలో ఇంకొక అర్థం కూడా వున్నది. ఉద్దానం అంటే ఉద్యానవనమే అంటారు ఇక్కడివారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందాకా కడుపు ఆగదు గనుక మరికొందరు రైలెక్కారు. అంతకు చాలా ముందునుంచే ఇక్కడ మూత్రపిండాల జబ్బు వున్నది. ఇచ్ఛాపురం మొదలు వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాల్లో, మధుమేహమో రక్తపోటో లేనివారికి కూడా, కష్టం చేసుకుని బతికే రైతులకూ కూలీలకూ ఈ జబ్బు వస్తున్నది. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకుతోటల్లోనూ ఇటువంటి జబ్బే శ్రామికులను పట్టి పీడిస్తున్నది. నీరా, ఎండా, మందులా, మరొకటా — కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు.

ఈ రోగికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పదు. ఒకప్పుడు అందుకోసం విశాఖపట్నం దాకా పోవలసి వచ్చేది. తెల్లవారుజాము బండిలో భార్య భుజంమీద తల వాల్చుకుని పోయే మనుషులను నేను చూశాను. తరువాత సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చినవి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ 200 పడకల ఆసుపత్రీ, హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే మంచినీటి పథకమూ ప్రారంభమైనవి. దూరం తగ్గింది, ప్రయాణం ఆగలేదు. ప్రాణం వున్నంతకాలం ఆ ప్రయాణం చేయవలసిందే.

పోయిన సంవత్సరం డిగ్రీ విద్యార్థులను ఒక యాత్రావ్యాసం రాయమన్నాను. చాలామంది అరకులోయ, తిరుపతి రాశారు. ఒక కుర్రవాడు మాత్రం తన తండ్రి వేరావల్ పోయివచ్చిన సంగతి రాసుకొచ్చాడు. పలాసలో బండి ఎక్కిన దగ్గరనుంచి ఎక్కడెక్కడ మారాలి, పెట్టెలో చోటు లేకపోతే ఎక్కడ పడుకోవాలి, యజమాని ఇచ్చిన అడ్వాన్సులో ఇంటికి ఎంత, అప్పుకు ఎంత, పడవలో తండేలు ఎవరు, వంట ఎవరిది, ఇరవై రోజులు నేల కనపడకుండా ఎట్లా వుంటుంది — అన్నీ వున్నవి. కాగితం నా చేతికిచ్చి, "ఇది యాత్ర అవుతుందా సార్? వలస అని వేరే పాఠం వుంది కదా," అని అడిగాడు.

ఆ కుర్రవాడి సందేహంలో మన సాహిత్య విమర్శ సంగతి అంతా వున్నది. చూడటానికి పోయినవాడిది యాత్ర. అది సాహిత్యశాఖకు చెందుతుంది. బతకడానికి పోయినవాడిది వలస; అది ఆర్థికశాస్త్రానికో ప్రభుత్వ నివేదికకో చెందుతుంది. మొదటివాడికి అనుభవం వుంటుంది, రెండవవాడికి కష్టం మాత్రమే వుంటుంది! అభ్యుదయ రచయితలం అనుకునే మనం కూడా ఈ విభజనను తేలికగా ఒప్పుకున్నాము. వలసకూలీ మీద కథ రాస్తాము, జాలిపడతాము. అతడు దారిలో ఏమి చూశాడు, పరాయిభాషవాడితో ఎట్లా స్నేహం చేశాడు, సముద్రాన్ని గురించి అతనికేమి తెలుసు అని అడగము. అతడు దృశ్యమే అవుతాడుగాని ద్రష్ట కాడు.

పలాసకే ఈ సంగతిలో ఒక గొప్ప సంబంధం వున్నది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఇక్కడ జరిగింది. దానికి ఎన్నికైన అధ్యక్షుడు రాహుల్ సాంకృత్యాయన్. టిబెట్టు, రష్యా తిరిగి వచ్చిన మనిషి. దేశదిమ్మరితనాన్ని ఒక శాస్త్రంగా భావించి దానిమీద తరువాత పుస్తకమే రాసిన మనిషి. ప్రభుత్వం ముందుగానే అరెస్టు చేయడంవల్ల ఆయన పలాస రాలేకపోయాడు. ఆ మహాసభ ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ, మరికొందరు రైతులు బలి అయ్యారు. అడవిలో కట్టెలు తెచ్చుకునే హక్కు దగ్గర వచ్చిన తగాదా అది. లోకమంతా తిరిగిన యాత్రికుడికీ, కట్టెల కోసం పక్క అడవికి పోయే దారి మూసుకుపోయిన రైతుకూ ఒకే వేదికమీద చోటుంటుందని ఆనాటి రైతు ఉద్యమం గుర్తించింది. సాహిత్యం ఆ మాత్రం గుర్తించలేదా?

ఆ విద్యార్థితో, అవుతుంది, ఇదే యాత్ర అని చెప్పాను. ఆ వ్యాసాన్ని తరగతిలో చదివించాను. ఈ సంవత్సరం విద్యార్థులందరికీ ఒకే పని అప్పగించాము: ఇంట్లోగాని వీధిలోగాని దూరం పోయివచ్చిన ఒక మనిషి దగ్గర కూర్చుని, దారి సంగతులు ఆ మనిషి మాటల్లోనే, ఆ యాసలోనే రాసుకురావాలి. ఇప్పటికి పదిహేడు నోటుపుస్తకాలు వచ్చినవి. వాటిలో ఒకటి జీడిపిక్కలు కొట్టే తల్లిది. ఒకటి డయాలసిస్‌కు పోయే తాతది. ఇతర కళాశాలల్లో పనిచేసే మిత్రులు కూడా ఈ పని చేపట్టవలసిందని కోరుతున్నాను. దీనికి నిధులు అక్కరలేదు, అనుమతులు అక్కరలేదు. వేసవిలో వేరావల్ నుంచి మనుషులు ఇళ్లకు వస్తారు. ఆగస్టులో మళ్లీ వెళ్లిపోతారు. ఈలోగానే అడగాలి.