గది దాటితే గ్రౌండే

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో పొద్దుగూకేదాకా ఆడిన పిల్లాడే, ఎమ్మెస్‌కని అమెరికా పోయాక గదికి అతుక్కుపోతాడు. రూమ్మేట్లంతా తెలుగువాళ్లే, వండేది పప్పుచారే. తరగతిలో పక్కన కూర్చున్నవాడి పేరు సెమిస్టర్ గడిచినా తెలియదు. తప్పు వాడిదని అనలేం. చదువు, బ్యాంకు అప్పు, పార్ట్‌టైమ్ పని, తన యాసకు నవ్వుతారేమోనన్న బెరుకు అన్నీ ఒక్కసారే మీదపడతాయి.

వందేళ్ల కిందట, కరీంనగర్ కూడా నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, హైదరాబాద్ నుంచి సయ్యద్ మహమ్మద్ హాదీ కేంబ్రిడ్జికి చదువుకు వెళ్లారు. అక్కడ టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్ దేన్నీ వదల్లేదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడారు. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కూడా ఆయనదే, 1934-35లో. ఏడు ఆటల్లో దిట్ట కాబట్టి ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు.

మైదానంలో యాస ఎవరడుగుతారు?

మన ఊళ్ల వాలీబాల్‌నే తీసుకోండి. నెట్టు దగ్గర ఒకడు వేళ్లకొసలతో బంతిని మెల్లగా పైకి లేపుతాడు, వెనక నుంచి ఉరికొచ్చినవాడు ఎగిరి కొడతాడు. ఆ ఇద్దరి మధ్య ఒక్క చూపు చాలు. పెద్దపల్లిలోనైనా, టెక్సస్‌లోనైనా ఆ చూపు ఒకటే. పాయింటు వచ్చాక చేతులు చరుచుకుంటారు, ఆ తర్వాతే పేర్లు అడుగుతారు.

అమెరికా యూనివర్సిటీల్లో చాలాచోట్ల జిమ్, కోర్టుల రుసుము ఫీజులోనే కలిసి ఉంటుంది. అప్పు తెచ్చి కట్టిన సొమ్ము అది. మొదటి వారంలోనే బూట్లు వేసుకుని కోర్టుకు వెళ్లండి.