మొలవని మడి, నింద మోసిన విత్తనం

తుఫాను వానకు మొదటి తోట దెబ్బతిని, నవంబరు ఆఖర్లో మళ్లీ మిరప నారు పోసిన ఏడాది గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి మొక్కల డాక్టరు దగ్గరికి ఒకటే ఫిర్యాదు: నకిలీ విత్తనం.

“పన్నెండు రోజులైందండీ. ఒక్క మొలక కనబడితే ఒట్టు,” అంటూ ఒక రైతు నారుమడి మట్టిని ప్లాస్టిక్ సంచిలో పట్టుకొచ్చాడు. డాక్టరుగారు దాన్ని కాగితం మీద పోసి, గడ్డలు చిదిపి, ఒక గింజను ఏరారు. గోళ్ల మధ్య నొక్కితే గట్టిగానే ఉంది. చీలిస్తే లోపల తెల్లగా ఉంది. చచ్చిన గింజయితే చితికి నీరు కారేది, కంపు కొట్టేది.

“నీళ్లు ఎప్పుడు పెడుతున్నావయ్యా?”

“పొద్దుగూకాకండీ. తొట్టి నీళ్లు.”

జబ్బు అక్కడ దొరికింది. మిరప వేడి దేశాల మొక్క. మట్టి 25 డిగ్రీలుంటే 8 రోజుల్లో తలెత్తుతుంది. 20కి దిగితే 13 రోజులు, 15కి దిగితే 25 రోజులు పడుతుంది. గుంటూరు సీమలో చలికాలపు రాత్రులు సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగలు ఎండ కాస్తుంది కాబట్టి గింజ చావదు, మొలక ఆలస్యమవుతుంది. పొద్దుగూకాక తడిపిన మడి మాత్రం రాత్రంతా చల్లగా ఉండిపోతుంది. తడి పెట్టడం పొద్దెక్కాక చేయమని, రాత్రిళ్లు మడి మీద పాలిథిన్ పట్టా కప్పమని చెప్పి పంపారు. తెలంగాణలో యాసంగి వరి నారుకు ఇలాంటి వైద్యమే చేస్తారు: సాయంత్రం మడిలో చల్లటి నీరు తీసేసి, పొద్దున కొత్త నీరు పెడతారు. కొద్ది రోజులకే మిరప మడి పచ్చబడింది.

మరి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి పడున్న కాయల గింజలు చక్కగా మొలుస్తున్నాయే అని ఇంకో రైతు నిలదీశాడు. ఎండిన గింజకు చలి మేలే చేస్తుంది. గండమల్లా అది నీరు పీల్చే మొదటి గంటల్లోనే. ఎండినప్పుడు చెదిరిన కణాల పొరలు తడి తగిలాక మళ్లీ సర్దుకోవాలి. చల్లని నీటిలో అవి బిగుసుకుపోతాయి, లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారతాయి. ఆ మేతకు పిథియం లాంటి సూక్ష్మజీవులు చేరితే నారుకుళ్లు మొదలు. విత్తన పరీక్షశాలల్లో నానబెట్టిన నీటి విద్యుత్ వాహకతను కొలిచేది ఈ కారుడు ఎంతుందో తెలుసుకోవడానికే.

పత్తి మరీ సుకుమారం. తొలి గంటల్లో గట్టి చలి తగిలితే దాని వేరు కొన చస్తుందని అమెరికాలో క్రిస్టియన్సన్ అనే శాస్త్రవేత్త 1960ల్లోనే చూపించాడు. టెక్సాస్‌లో మట్టి 18 డిగ్రీలు దాటాకే విత్తమని సలహా ఇస్తారు. మన పత్తి జూన్, జూలై వానలకు పడుతుంది. అందుకే ఇక్కడ పత్తి మొలవలేదంటే డాక్టరుగారు చలి మాటే ఎత్తరు. నల్లరేగడిలో నీరు నిలిచిందా, వాన వెలిశాక పైమట్టి పెచ్చు కట్టిందా అని చూస్తారు.

ఇంకో మడిలో నారు మొలిచింది గానీ ఎదగలేదు, ఆకుల అడుగున ఊదారంగు. భాస్వరం లోపమని రైతు డీఏపీ మీద డీఏపీ వేశాడు. మట్టిలో భాస్వరం ఉంది. చల్లని నేలలో వేరు దాన్ని అందుకోలేకపోయింది, అంతే. నేల వేడెక్కాక నారు తనంతట తానే తేరుకుంది.

అలాగని ప్రతిసారీ ఆయన విత్తనాన్ని వెనకేసుకు రారు. ఒకాయన తెచ్చిన గింజలు 100 లెక్కపెట్టి, తడి గుడ్డలో చుట్టి, రెండు వారాలు వెచ్చని చోట ఉంచితే సగం కూడా మొలవలేదు. మిరప విత్తనానికి నిర్దేశించిన కనీస మొలక 60 శాతం.

“పాకెట్టు, బిల్లు, మిగిలిన గింజలు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికెళ్లు. లాట్ నంబరు చిరగనివ్వకు.”

“బిల్లుందండీ. పాకెట్టు మడిగట్టున పారేశా.”

“అయితే ముందు గట్టుకే పద,” అన్నారు డాక్టరుగారు, చెప్పులు వేసుకుంటూ.