ఊరగాయ జాడి, బూజు బుడ్డలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల యెండలను ఎరిగినవారికి నేను వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో మా మాధవరమున ఉదయము వండిన పప్పు సాయంకాలమునకే పులిసిపోవును. వంటయింటి మూలనున్న జాడిలోని మామిడికాయ ఊరగాయ మాత్రము మరల మామిడికాయలు వచ్చువరకు చెడక నిలుచును. రెండును ఆ వేడిలోనే యున్నవి. రెంటికిని తగులు గాలి యొక్కటియే. ఒకటి యేల చెడెను, మరియొకటి యేల నిలిచెను?

మా అవ్వ ఊరగాయ పెట్టు దినమున ఇంటిలో సేనాపతి యాజ్ఞ నడచినట్లుండెడిది. కాయలను కడిగి, తుడిచి, నీడను ఆరబెట్టినగాని కత్తిపీటను దగ్గరకు రానిచ్చెడిది కాదు. ఉప్పు ఎండవలెను, జాడి ఎండవలెను. తడిచేయి పెట్టినవారు పిల్లలైనను పెద్దలైనను చీవాట్లు తినవలసినదే. ఆవాలను మాత్రము ఆనాడే దంచించెడిది. "నిన్న దంచిన ఆవపిండిలో జీవముండదురా" అనెడిది.

ఆ మాటకు అర్థము నాకు రసాయనశాస్త్రము చదువుకొను దినములలో తెలిసినది. ఒక ఆవగింజను కొరకక నాలుకపై నుంచుకొని చూడుడు, ఘాటు ఉండదు. గింజ నలిగి తేమ తగిలినపుడు, అంతవరకు అందులో వేరువేరుగ ఒదిగియున్న రెండు పదార్థములు కలిసి, ఆలిల్ ఐసోథయోసయనేట్ అను ఘాటైన నూనె పుట్టును. మన ముక్కునకెక్కు ఆ ఘాటే బూజును, పెక్కు సూక్ష్మజీవులను అణచును. తేమ సోకిన పిండినుండి అది త్వరగా ఎగిరిపోవును; కావున అవ్వ తొందరలో న్యాయమున్నది. మొక్క దీనిని మన ఊరగాయకొరకు చేయలేదు. తన్ను కొరుకు పురుగులను తరుముటకై చేసికొన్నది. వెల్లుల్లి కథయు ఇట్టిదే. రెబ్బ నలిగినపుడే అందు అల్లిసిన్ పుట్టును. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అను శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి, సూక్ష్మజీవులపై దాని శక్తిని చూపిరి.

అయినను జాడికి ఆవపిండి యొక్కటే కావలి యనుకొనరాదు. ఉప్పు ముక్కలలోని నీటిని పట్టుకొని సూక్ష్మజీవులకు దక్కనీయదు. మామిడి పులుపు వానిలో ప్రమాదకరమైన వానిని పెరుగనీయదు. పైన తేలు నూనె గాలిని ఆపి బూజును అడ్డగించును. ఉప్పు తగ్గించి, ఆవపిండిని రెట్టించి పెట్టిన జాడి నిలువదు.

పసుపునకు మన యిండ్లలోగల గౌరవము ఇంకను పెద్దది. అందలి కుర్కుమిన్‌ను 1815లోనే ఐరోపాలో వేరుచేసిరి. అది కొన్ని సూక్ష్మజీవులను అణచునని 1949లో ప్రకటించిరి. పసుపు గాయములను మాన్పునని అమెరికాలో 1995లో పేటెంటు మంజూరు కాగా, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను సాక్ష్యముగ చూపి, 1997లో దానిని రద్దు చేయించినది. దీనిని తలచి నేనును గర్వింతును. కాని కుర్కుమిన్ నీటిలో సరిగ కరగదు. తిన్నదానిలో రక్తమును చేరునది మిక్కిలి స్వల్పము. గాజుపాత్రలో జరిగినదెల్ల దేహమున జరుగునని చెప్పరాదు. చీముపట్టిన గాయమునకు వైద్యుడే కావలెను.

మట్టిలోని సూక్ష్మజీవులును ఒకదానిపై నొకటి ఇట్టి ఆయుధములనే ప్రయోగించుకొనును. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున ఇద్దరు సోదరులను వ్యాధికి కోల్పోయిన వారు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, అచట బెంజమిన్ డగ్గర్ మట్టిలో దొరకిన ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు తెలిసినది. అది శుద్ధిచేసి, తూచి, మోతాదు నిర్ణయించిన ఔషధము. వంటయింటి మోతాదు చిటికెడు!

ఇంతకును నేను చెప్పదలచినది బుడ్డల సంగతి. మా వైపు వేరుసెనగను బుడ్డలందురు. ఒక యేడు పైరు చివరిదశలో వాన మొగము చాటువేసినది. పీకి కుప్పలు వేసిన పిమ్మట నాలుగు దినములు విడువక కురిసినది. ఒలిచి చూడగా పెక్కు గింజలపై పచ్చని బూజు. మంచివానిని ఏరి ఆదోని మార్కెట్టునకు పంపగా నాలుగు బస్తాలు మిగిలినవి. అప్పు తీరలేదు. జొన్నరొట్టెలోనికి బుడ్డలపొడి తప్ప ఇంట మరియొకటి లేని దినములవి.

"బాగా వేయించి, వెల్లుల్లీ కారమూ వేసి దంచితే ఏమవుతుందమ్మా?" అని నాన్న అడిగెను.

అవ్వ ఒక గింజను నోట వేసికొని ఉమిసినది. "కారమేస్తే చేదు కనపడదు గానీ, పోతుందా నాయనా?"

"గేదెకైనా పెడదాం."

"నోరులేనిదని దానికి పెడతావా?"

దొడ్డి వెనుక గుంట త్రవ్వి నాలుగు బస్తాలను పూడ్చిరి. ఆ రాత్రి నాన్న రొట్టె ముట్టలేదు.

1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. కారణము వెదకగా, బ్రెజిల్ దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండి మేతలో తేలినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించు ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అది కాలేయమును చెరచును, కాన్సరును కలిగించును. వేయించిన కొంత తగ్గునే గాని పూర్తిగ నశింపదు. మసాలా దినుసులు బూజు పెరుగుదలను కొంత ఆపిన ఆపవచ్చును గాని, ఒకసారి గింజలో పుట్టిన విషమును తీసివేయజాలవు. చేదు లేని గింజలోను అది యుండవచ్చును. అట్టి మేత తిన్న గేదె పాలలోనికి సయితము దిగును. ఈ పాల సంగతి అవ్వకు తెలియదు. ఆమె గేదెపై జాలిపడినది. పాలు త్రాగువారము మేము.

గింజలో తేమ నూటికి 7, 8 పాళ్లకు దిగినగాని బూజు భయము తీరదని శాస్త్రజ్ఞులందురు. తేమను కొలుచు యంత్రము ఆనాడు మా కళ్లమున లేదు. మరుసటి యేడు పీకిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేయించి, అవ్వ దినమంతయు అచటనే కూర్చుండెడిది. బస్తాలకు ఎత్తుటకు ముందు కుప్పకొక గుప్పెడు కాయలు తీసి చెవియొద్ద ఆడించెడిది. లోపలి గింజ గలగలలాడవలెను. చివరి కుప్పకడ ఆడించి, కొంతసేపు విని, "ఇంకో రెండెండలు కానీ నాయనా" అని నాన్నతో చెప్పి లేచిపోయినది.