రిలే అనే మధ్యవర్తి

తెలుగు బోధించే మాకు విద్యుత్తుతో ఏమి పని అని పాఠకమిత్రులు ఆశ్చర్యపడవచ్చును. మాటల పుట్టుకను వెదకడం మా వృత్తి. ఆ వెదుకులాటే మమ్ము 'రిలే' అనే మాట వద్దకు చేర్చింది. అలసిన గుర్రాన్ని విడిచి కొత్త గుర్రాన్ని ఎక్కే ఏర్పాటుకు ఐరోపాలో ఆ పేరుండేది. మన దేశంలోనూ షేర్షా సూరి ఏలుబడిలో (1540–45) బాటల వెంట కట్టించిన సరాయిలలో వార్తాహరులకు గుర్రాలు సిద్ధంగా ఉండేవి. వార్త ఒక్కటే, దానిని మోసే బలం మాత్రం ప్రతి మజిలీలోనూ కొత్తది.

విద్యుత్తులోనూ ఇదే ధర్మం. 1835లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఒక వలయంలోని స్వల్ప విద్యుత్తుతో మరొక వలయాన్ని అదుపు చేసి చూపినారు. దూరం ప్రయాణించి నీరసించిన తంతి సంకేతాలకు మోర్స్ ఈ ఉపాయాన్నే వాడుకొన్నారు.

మా భౌతికశాస్త్ర మిత్రులొకరు ప్రయోగశాలలో ఒక రిలేను విప్పి మాకు చూపినారు. అగ్గిపెట్టెకన్న చిన్నది. లోపల సన్నని రాగితీగ చుట్ట. దానికి 5 వోల్టులు, సుమారు 70 మిల్లీయాంపియర్లు చాలును. చుట్ట అయస్కాంతమై ఇనుపరేకును లాగగానే 'టక్కు'మని అవతలి 230 వోల్టుల వలయం కలుస్తుంది. సంకేతం ఆగితే స్ప్రింగు ఆ రేకును వెనుకకు తీస్తుంది. విశేషమేమనగా, చుట్టకు, అవతలి తీగలకు ఎక్కడా స్పర్శ లేదు. నడుమనున్నది అయస్కాంత ప్రభావం ఒక్కటే.

ఆ ఎడం విలువ మాకు బాగుగా తెలుసును. మా గ్రామంలో పొలాలకు కరెంటు రాత్రివేళ వచ్చేది. మా చిన్నాన్న తడికాళ్లతో బోరు వద్దకు పోయి స్టార్టరు నొక్కేవారు. ఒక వానాకాలపు రాత్రి ఆ ఇనుపపెట్టెకే కరెంటు వచ్చి ఆయనను విసరికొట్టింది. ప్రాణం దక్కింది, కుడిచేతి రెండు వేళ్లు దక్కలేదు. 415 వోల్టుల మూడు ఫేజులకు, ఆ చేతికి నడుమ ఉన్నది తుప్పుపట్టిన రేకు మాత్రమే.

నేడు ఇంటినుండే ఫోనుతో మోటారును నడిపే పరికరాలున్నవి. ఫోను సంకేతం రిలేను కదిలిస్తుంది. రిలే కాంటాక్టరుకు ఆజ్ఞ ఇస్తుంది. మోటారు భారాన్ని కాంటాక్టరు మోస్తుంది. అర్ధరాత్రి బోరు వద్దకు నడిచే అవసరం తప్పుతుంది. అయినా పెట్టెకు ఎర్తింగు లేనిచో, దానిని ముట్టిన మనిషిని ఈ రిలే కాపాడజాలదు.

విద్యార్థులారా, రిలే అమర్చిన చిన్న పలకలు నేడు స్వల్పధరకే లభిస్తున్నవి. మీరు తప్పక ప్రయోగాలు చేయండి. చుట్టను ఆపిన క్షణంలో ఎదురు వోల్టేజి పుట్టి సున్నితమైన భాగాలను కాల్చివేయగలదు. కనుక చుట్టకు అడ్డంగా డయోడు వేయండి. పలక అడుగున టంకం పెట్టిన చోట్ల 230 వోల్టులు బయటికే ఉంటవి. ప్లగ్గు తీయక వాటిని తాకవద్దు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. 30 మిల్లీయాంపియర్ల లీకేజికే వలయాన్ని తెంచివేసే బ్రేకర్లను ప్రయోగశాల బల్లలన్నింటికీ అమర్చగోరుతున్నాము. వాటి ఖరీదు మా చిన్నాన్న పోగొట్టుకొన్న వేళ్లకన్న ఎక్కువ కాదు.