నూనె సంగతి తర్వాత, ముందు రక్తం సంగతి

పెద్దపేగు క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది: "ఇకనుంచి ఏ నూనె వాడమంటారు?" అడగడంలో వింతేమీ లేదు. నూనె, ఉప్పు ముట్టకుండా వండుకోమని ఒకరంటే, కొబ్బరినూనె తాగితే రోగాలన్నీ పోతాయని ఇంకొకరన్నారు. ఇద్దరి మాటా విని వేల కుటుంబాలు వంటిల్లు మార్చుకున్న నేల మనది. ఇప్పుడు గానుగ నూనె వంతు.

గుంటూరు దగ్గరి పల్లె నుంచి అరవై దాటిన ఒకావిడ నా దగ్గరికి వైద్యానికి వచ్చారు. పెద్దపేగు కుడివైపు గడ్డ. "మా ఇంటావంటా మాంసం లేదు బాబూ, నెయ్యి కూడా పండక్కే. నాకెందుకొచ్చిందిది?" అన్నారు. ఆమె తిండి గురించి అడిగాను. పూటపూటకూ తెల్లన్నం, ఆవకాయ, మజ్జిగ. కూర ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. పప్పు వారానికి రెండుసార్లు. అయితే ఆ తిండే ఈ జబ్బు తెచ్చిందని ఆమెకు చెప్పలేదు. ఒక మనిషిలో ఒక కారణాన్ని పట్టుకుని ఇదే దోషి అనడానికి వైద్యం దగ్గర ఆధారం ఉండదు. వయసు పెరగడమే ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం.

మరి కొవ్వుకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధమే లేదా? ఉందన్న అనుమానం పాతదే. బ్రూస్ ఆర్మ్‌స్ట్రాంగ్, రిచర్డ్ డాల్ 1975లో దేశదేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, మాంసం, కొవ్వు ఎక్కువ తినే దేశాల్లోనే పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. దానికి శరీరంలో దారి కూడా ఉంది. కొవ్వు అరగాలంటే కాలేయం పైత్యరసం పంపాలి. తిన్న కొవ్వు పెరిగితే ఆ రసమూ పెరుగుతుంది. అందులో చాలా భాగం చిన్నపేగులోనే తిరిగి ఇంకిపోతుంది, కొంత మాత్రం పెద్దపేగులోకి జారుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఏళ్ల తరబడి అది తగులుతుంటే పేగు లోపలి పొర దెబ్బతింటుంది.

అలాగైతే కొవ్వు తగ్గిస్తే జబ్బు తగ్గాలి కదా! అమెరికాలో నెలసరి ఆగిన దాదాపు 49 వేల మంది స్త్రీలతో ఆ పరీక్షా చేశారు. సగటున ఎనిమిదేళ్లు గమనించి 2006లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. అనుకున్నంతగా వాళ్లు కొవ్వు తగ్గించలేకపోయారన్నదీ నిజమే. అయినా మొత్తం కొవ్వు ఒక్కటే దోషి అనే వాదం అక్కడితో బలహీనపడింది. మాంసం మీద మాత్రం సాక్ష్యం నిలిచింది. సాసేజ్, బేకన్, సలామీ లాంటి నిల్వ మాంసం క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో తేల్చింది. మేక, గొర్రె, గొడ్డు మాంసాలను బహుశా కారకాలన్న జాబితాలో పెట్టింది.

అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం నాకు బాగా నచ్చింది. అమెరికాలోని నల్లజాతివారికి రెండు వారాలపాటు దక్షిణాఫ్రికా పల్లె తిండి పెట్టారు, ఆ పల్లెవాళ్లకు అమెరికా తిండి పెట్టారు. పల్లె తిండిలో కొవ్వు తక్కువ, పీచు చాలా ఎక్కువ. రెండు వారాలకే పేగు పొరలో వాపు గుర్తులు ఒకవైపు తగ్గాయి, ఇంకోవైపు పెరిగాయి. పేగులోని బాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. పేగు పొర కణాలకు అదే ఆహారం. కాబట్టి పళ్లెంలో ఎంత నూనె ఉందన్నదొక్కటే చూస్తే చాలదు, దాని పక్కన పప్పు, ఆకుకూర, చిక్కుళ్లు, జొన్నలు ఉన్నాయో లేవో కూడా చూడాలి.

విజయవాడలో భూముల వ్యాపారం చేసే 38 ఏళ్ల కుర్రాడి సంగతి వేరు. సాయంత్రమైతే మందు, చికెన్ పకోడీ. బరువు వంద కిలోలు దాటింది. మలంలో రక్తం పడితే ఒంట్లో వేడి అనుకుని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగాడు. ఆ తర్వాత మొలలని ఎవరో ఇంజక్షన్లు చేశారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో మలద్వారంలో వేలు పెట్టి చూసినవాళ్లు లేరు. నేను అలా చూడగానే గడ్డ తగిలింది. "కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించేవాడు సార్" అని బండివాణ్ని తిట్టుకున్నాడు. అధిక బరువు, మద్యం ఈ క్యాన్సర్‌కు రుజువైన కారణాలు. వాటి సంగతి అతను ఎత్తలేదు. కానీ జబ్బు కాలేయానికి పాకింది ఆ ఎనిమిది నెలల జాప్యం వల్లేనని నా నమ్మకం.

భయం ఇంకో వైపుకీ లాగుతుంది. ఆపరేషన్ బాగా జరిగి కీమోథెరపీకి రావలసిన ఒకాయన, మూడు వారాల్లో ఏడు కిలోలు తగ్గి వచ్చాడు. భార్య చుక్క నూనె లేకుండా ఉడికించి పెడుతోంది, ఆయనకు ముద్ద దిగడం లేదు. "రెండు చెంచాల నూనెతో పోపు వెయ్యమ్మా, పప్పులో నెయ్యీ వెయ్యి" అంటే ఆమె నన్ను అనుమానంగా చూసింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, చేసే పనిని బట్టి మనిషికి రోజుకు 20 నుంచి 50 గ్రాముల నూనె, నెయ్యి చాలంటుంది. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయితే తలకు 38 గ్రాములు పడుతుంది. బయట తినే బిర్యానీలు, బజ్జీలు దీనికి అదనం. ఇంటి లెక్క ఇలా వేసుకుంటే చాలు, నూనె పేరు గురించి తగువు అక్కర్లేదు.

తండ్రికి జబ్బని తెలిసి డాలస్ నుంచి ఫోన్ చేసిన కొడుకు కూడా ముందు నూనె గురించే అడిగాడు. "మీ వయసెంత?" అన్నాను. అమెరికాలో మామూలు మనుషులకే 45 నుంచి పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. కన్నవాళ్లకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే 40 ఏళ్లకే, లేదా వారికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందే కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఈ క్యాన్సర్ ఎక్కువగా పాలిప్ అనే చిన్న పిలకగా మొదలై, ముదరడానికి పదేళ్లదాకా తీసుకుంటుంది. కొలనోస్కోపీలోనే దాన్ని తీసేయవచ్చు.

నూనె తగ్గించండి, మంచిదే. దానికన్నా ముందు, మలంలో రక్తం కనిపించినా, విరేచనం తీరు కొన్ని వారాలుగా మారినా, నడివయసు దాటాక కారణం తెలియకుండా రక్తం తగ్గినా, మొలలేలే అనుకోకుండా పరీక్ష చేయించుకోండి. అమెరికా లెక్కల్లో, పేగు దాటి పాకకముందే దొరికినవారిలో పదిమందికి తొమ్మిదిమంది ఐదేళ్ల తర్వాతా బతికే ఉంటున్నారు.