కాలు చెప్పిన సాక్ష్యం

మా అబ్బాయికి ఈ మధ్యనే కారు నేర్చుకునే అనుమతి పత్రం వచ్చింది. కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్ళు నిండితే ఆ కాగితానికి అర్హత వస్తుంది. మొదటి రోజు వాడిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, తాళం ఇవ్వకుండా, ముందు వంగి కాళ్ళ దగ్గరున్న మ్యాటు చూడమన్నాను. "మ్యాటుతో ఏం పని నాన్నా?" అని నవ్వాడు. ఆ పనేమిటో చెప్పాలంటే రెండు ప్రమాదాల సంగతి చెప్పాలి. ఒకటి మా నాన్నగారిది, రెండోది నాది. వాడికి సగమే చెప్పాను. మిగిలిన సగం ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాసుకుంటే మనసు కాస్త తేలికపడుతుందేమోనన్న ఆశతో ఈ టపా.

2004లో, నేను అమెరికా వచ్చిన రెండో ఏట, ఒక రాత్రి కాకినాడ నుండి అమ్మ ఫోను చేసింది. నాన్నగారు కారుతో వీధి మలుపులో ఒకరింటి ప్రహరీ గోడను గుద్దారు. ఆయనకు దెబ్బలు తగలలేదు. కాని గోడకు ఆనించి ఉన్న సైకిలు నుజ్జునుజ్జయింది. దాని మీద కూర్చుని ఆడుకుంటున్న కుర్రవాడు, మంచినీళ్ళ కోసం అప్పుడే లోపలికి వెళ్ళాడట.

నాన్నగారు ఫోను అందుకున్నారు. "మలుపు దగ్గర కాలు తీసేశానురా. తీసినా ఇంజను గోల పెడుతూనే ఉంది. బండి ఆగలేదు" అన్నారు.

నేను ఇంజనీరును. వయసు ముప్ఫై దాటలేదు. వేల కిలోమీటర్ల దూరాన కూర్చుని, ఆ బండి బానెట్టు కూడా ఎత్తి చూడకుండా తీర్పు చెప్పాను. "కాలు తీస్తే బండి ఎలా పరుగెడుతుంది నాన్నగారూ? బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కి ఉంటారు. ఈ వయసులో అది మామూలేనండీ."

అవతల కొంతసేపు నిశ్శబ్దం. "అంతే అయి ఉంటుందిలే" అన్నారు.

ఆ తరువాత ఆయన మళ్ళీ కారు తాళం ముట్టుకోలేదు. ఆ ఏడే బండి అమ్మేశారు. ముప్ఫై ఏళ్ళు తన బండి తానే నడుపుకున్న మనిషి, గ్రంథాలయానికి వెళ్ళాలన్నా ఆటో కోసం గుమ్మంలో నిలబడేవారు. మంచి నిర్ణయమే తీసుకున్నారని నేను అమ్మతో అన్నాను కూడా.

ఐదేళ్ళు గడిచాయి. 2009 ఆగస్టు 28న శాన్ డియాగో సమీపంలోని శాంటీ వద్ద ఒక లెక్సస్ కారు గంటకు నూరు మైళ్ళకు మించిన వేగంతో దూసుకుపోయి, రహదారి ముగిసేచోట మరో కారును గుద్ది, గట్టు దాటి తగలబడిపోయింది. లోపల ఉన్న నలుగురూ చనిపోయారు. నడుపుతున్నది కొత్తవాడు కాదు, హైవే పెట్రోల్ అధికారి. బ్రేకులు పని చేయడం లేదని కారులోని ఒకరు ఫోనులో పోలీసులకు చెబుతుండగానే అంతా అయిపోయింది. ఆ సంభాషణను టీవీలో విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం చూస్తే అత్యల్పం. అది ఆయన సొంత కారు కాదు. మరమ్మతుకు ఇచ్చిన తన కారుకు బదులుగా డీలరు తాత్కాలికంగా ఇచ్చినది. అందులో వేరే మోడలుకు చెందిన దళసరి రబ్బరు మ్యాటు పరిచి ఉంది. యాక్సిలరేటరు పెడలు దాని అంచు కింద చిక్కుకుపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే అదే కారు తీసుకున్న మరొకరికి పెడలు అలాగే ఇరుక్కుంది. ఆయన దాన్ని విడిపించుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు డీలరు వద్ద ఆ మాట చెప్పి వెళ్ళాడు కూడా. విన్నవారు విన్నారు, మ్యాటు మాత్రం అక్కడే ఉండిపోయింది.

మరి బ్రేకులు ఎందుకు ఆపలేకపోయాయి? మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టరు, ఇంజను సృష్టించే శూన్యపీడనం మీద ఆధారపడుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ పీడనం దాదాపు పుట్టదు. బూస్టరులో నిలవ ఉన్నది ఒకటి రెండుసార్లు తొక్కడానికే సరిపోతుంది. కంగారులో పదేపదే తొక్కి వదిలితే అదీ ఖర్చయిపోయి, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఇంజను ఆపుదామంటే ఆ కారుకు తాళంచెవి లేదు, బొత్తాము ఉంది. బండి కదులుతుండగా దాన్ని మూడు సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. ప్రాణభయంలో ఉన్నవాడికి మూడు సెకన్లు ఒక యుగం.

ఆ సెప్టెంబరులో టయోటా మ్యాట్ల కారణంగా అమెరికాలో 38 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది. 2010 జనవరిలో, తొక్కిన పెడలు తిరిగి పైకి రావడంలో మొరాయిస్తున్నదని మరో 23 లక్షలు. "కాలు తీసినా ఆగలేదు" అన్న మాట నాకు అప్పుడు మొదటిసారి గుర్తుకొచ్చింది. నాన్నగారికి ఫోను చేద్దామనుకున్నాను. చేయలేదు.

ఆ తరువాత నాకు ఒక ఊరట దొరికింది. ఎలక్ట్రానిక్స్‌లో లోపముందేమో తేల్చమని ప్రభుత్వం నాసా ఇంజనీర్లను కోరింది. 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. కార్లను తమంతట తామే పరుగెత్తించగల ఎలక్ట్రానిక్ లోపం తమకు కనబడలేదన్నారు. ప్రమాదానికి గురైన కార్లలోని రికార్డర్లను పరిశీలిస్తే, అధిక భాగంలో డ్రైవరు బ్రేకు తొక్కనే లేదని తేలింది. "చూశావా, నేను చెప్పింది నిజమే" అని నాలో నేనే అనుకున్నాను. ఎవరికి వ్యతిరేకంగా గెలిచానో మాత్రం ఆలోచించుకోలేదు.

2012 డిసెంబరులో, ఒక కిరాణా దుకాణం ముందు కారు నిలపబోతున్నాను. బండి ఒక్కసారిగా ముందుకు ఉరికింది. బ్రేకు తొక్కాను. ఇంకా ఉరికింది. శక్తినంతా కూడదీసుకుని తొక్కాను. గట్టెక్కి, కాంక్రీటు స్తంభాన్ని గుద్ది ఆగింది. ఎయిర్‌బ్యాగు ముఖానికి తగిలింది. అదృష్టవశాత్తు ఆ మెట్ల మీద ఆ క్షణాన ఎవరూ లేరు.

వచ్చిన పోలీసుతో, నా భార్యతో, బీమా సంస్థతో ఒకే మాట చెప్పాను. "నా కాలు బ్రేకు మీదే ఉంది." అబద్ధం కాదు. ఈనాటికీ ఆ క్షణాన్ని తలుచుకుంటే నా పాదం కింద బ్రేకు పెడలే ఉంటుంది.

రెండు వారాల తరువాత బీమా తరఫు మనిషి ఒక కాగితం నా ముందు పెట్టాడు. కారులోని రికార్డరు గుద్దుకోవడానికి ముందరి ఐదు సెకన్లను దాచిపెడుతుందట. బ్రేకు గడిలో ఐదు సెకన్లూ "లేదు". యాక్సిలరేటరు గడిలో చివరి అంకె నూరు శాతం.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఇది కొత్త కథ కాదు. 1986లో ఒక టీవీ కార్యక్రమం ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని చూపింది. అమెరికాలో 1985లో 74 వేలు దాటిన ఆడి అమ్మకాలు 1991 నాటికి 12 వేల దరికి పడిపోయాయి. 1989లో ప్రభుత్వ విచారణ వాటికి ప్రధాన కారణం పెడలు పొరపాటేనని తేల్చింది. అయితే అందులోనే మరొక మాట ఉంది. ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే భాగం ఒక్కోసారి చెడి, బండి కొద్దిగా ఉలికిపడేది. ఆ ఉలికిపాటే డ్రైవరును బెదరగొట్టి ఉండవచ్చు. అదే ఏడాది రిచర్డ్ ష్మిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరించినదేమంటే, కాలు వేయాలనుకున్న చోటుకీ నిజంగా పడిన చోటుకీ తేడా వచ్చినా ఆ సంగతి మనిషికి తెలియదు. బ్రేకు మీదే ఉన్నాననుకుంటాడు కనుక, బండి ఆగకపోతే మరింత గట్టిగా తొక్కుతాడు. ఇది ముసలివారి రోగమేమీ కాదు.

ఆ రాత్రి కాకినాడకు ఫోను చేశాను. అంతా చెప్పాను.

"దెబ్బలేమీ తగల్లేదు కదరా?" అన్నదే ఆయన మొదటి మాట.

"నాన్నగారూ, ఆ రోజు మిమ్మల్ని నేను అలా అనకుండా ఉండాల్సింది."

ఆయన తేలిగ్గా నవ్వారు. "నువ్వన్న వారంలోనే మెకానిక్కు యాక్సిలరేటరు కేబులు విప్పి చూపించాడురా. లోపలి తీగ పోగులు తెగి, తొడుగులో ఇరుక్కుపోయి ఉన్నాయి. అందుకే వెనక్కి రాలేదన్నాడు."

నాకు మాట పెగల్లేదు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత రూఢిగా చెప్పావు కదా. మెకానిక్కు నన్ను ఓదార్చడానికి అంటున్నాడేమో అనుకున్నాను."

కళ్ళెదుట తెగిన కేబులును చూసి కూడా, ఆయన దాన్ని నమ్మలేదు. నన్ను నమ్మారు. తన కాలు నిజం చెప్పినా, నా మాట విని దాన్ని దోషిగా నిలబెట్టారు. నా కాలు అబద్ధం చెప్పినా, కాగితం వచ్చేదాకా నేను దాన్ని వెనకేసుకొచ్చాను. సైకిలు తలుచుకుని ఆయన ఎనిమిదేళ్ళు పడ్డ వేదనలో, ఆ తెగిన తీగ వాటా పోగా మిగిలినదంతా నాదే.

ఆ తరువాతి తీర్పులు కూడా ఏ ఒక్క పక్షాన్నీ పూర్తిగా గెలిపించలేదు. 2013లో ఓక్లహోమాలో ఒక జ్యూరీ, కారు సాఫ్ట్‌వేరు లోపాల గురించి నిపుణులు చెప్పిన సాక్ష్యం విని, బాధితులకు 30 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది. 2014 మార్చిలో, మ్యాట్లు, పెడళ్ళ విషయంలో కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించినందుకు టయోటా 120 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024 ఏప్రిల్‌లో ఇంజనూ కేబులూ లేని విద్యుత్ వాహనం టెస్లా సైబర్‌ట్రక్‌కు కూడా రీకాల్ తప్పలేదు. పెడలు మీది తొడుగు జారి ఇరుక్కునే ప్రమాదముందట. అనేకులు పొరబడతారన్నది నిజమే. కాని ఎదుట నిలబడి చెబుతున్న ఈ ఒక్క మనిషి పొరబడ్డాడా అన్నది ఆ లెక్కలు చెప్పవు. దానికి వంగి చూడాలి.

నాన్నగారు 2017లో వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ స్టీరింగు పట్టలేదు. నేను అడిగాను కూడా, "ఇప్పుడెందుకురా" అన్నారు.

మా అబ్బాయికి మాత్రం నాలుగు మాటలు చెప్పాను. మ్యాటు కొక్కేలకు తగిలించి ఉందో లేదో చూసుకో. బండి మాట వినకపోతే ముందు న్యూట్రల్‌లోకి తెచ్చెయ్, ఇంజను ఎంత అరిచినా ఫరవాలేదు. బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టు, వదిలి వదిలి తొక్కకు. తొక్కుతున్నకొద్దీ వేగం పెరుగుతుంటే, నీ కాలిని నమ్మకు, పైకి తీసెయ్.

ఐదో మాట వాడికి ఇంకా చెప్పలేదు. కాలు తీసినా బండి ఆగలేదని ఏనాడైనా ఎవరైనా నీతో అంటే, ముందు బానెట్టు ఎత్తి చూడు. ఆ మాట చెప్పాలంటే తాతయ్య కథ మొత్తం చెప్పాలి. ఈ శనివారం చెబుతాను.